ఎన్‌1 పదజాలానికి ఇంకో జాబితా వెతుకుతున్నవారికి

గుంటూరు బ్రాడీపేట నుంచి మీరు అడిగినదాని సారాంశం ఇది. రెండేళ్ల క్రితం జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్షలో ఎన్‌2 ఉత్తీర్ణులయ్యారు. మొన్న డిసెంబరులో ఆ పరీక్షలో అన్నిటికంటే పై స్థాయి అయిన ఎన్‌1 రాస్తే 180కి 91 వచ్చాయి. వినికిడిలో 36, పఠనంలో 33 తెచ్చుకున్నా పదజాలం, వ్యాకరణం కలిసిన భాషా పరిజ్ఞానంలో 22 దగ్గరే ఆగిపోయారు. 3,000 మాటల జాబితాను ఇంగ్లీషు అర్థాలతో ఫోనులో పెట్టుకుని, రోజుకు 60 మాటల చొప్పున రెండు విడతలు పూర్తిచేసినా, పరీక్ష హాలులో మాట తెలిసినట్టే ఉండి జవాబు మాత్రం తోచలేదు. జూలైలో మళ్లీ రాయడానికి ఏ జాబితా చదవాలన్నది మీ ప్రశ్న.

ఏ జాబితా వద్దన్నది నా జవాబు. మీకు కొత్త మాటల కొరత అంతగా లేదు. మీకు ఇప్పటికే ముఖపరిచయం ఉన్న మాటలు ఏ మాటల సరసన కూర్చుంటాయో, ఎక్కడ కూర్చోవో తెలియకపోవడమే మీ ఇబ్బంది. ఇంగ్లీషు అర్థాల జాబితా దాన్ని తీర్చలేదు. నా అనుభవంలో తెలుగు చాలావరకు తీర్చింది. విజయవాడలో కూర్చుని జపనీస్ యంత్రాల పత్రాలు అనువాదం చేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి, ఎన్‌1 రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినవాణ్ణి కనుక, ఈ మాట కొంచెం వివరంగా చెప్పే ధైర్యం చేస్తున్నాను.

ముందుగా మీ మార్కుల పత్రాన్ని సరిగా చదువుకోండి. ఎన్‌1కు మొత్తం మీద 100, మూడు భాగాల్లో ప్రతిదానిలోనూ కనీసం 19 రావాలి. మీరు ఏ భాగంలోనూ తప్పలేదు, మొత్తంలో తొమ్మిది మార్కులు తగ్గాయి. ఈ 22 అనేది మీరు సరిగా రాసిన ప్రశ్నల లెక్క కాదు, ప్రశ్నల కాఠిన్యాన్ని బట్టి సర్దిన మార్కు. అసలు సమాచారం దాని కింద చిన్న అక్షరాలలో ఉంటుంది. పదజాలం ఎదురుగా మీకు 'సి' వచ్చిందని రాశారు. అంటే ఆ ప్రశ్నలలో నూటికి 34 కూడా సరికాలేదని అర్థం. జపనీస్‌లో పదజాలాన్ని 'గొయి' అంటారు. మా తరగతిలో మేమంతా దాన్ని గొయ్యి అనే పిలిచేవాళ్లం, ఎక్కువమంది పడింది అందులోనే కాబట్టి.

ఎన్‌1లో పదజాలం ప్రశ్నలు సుమారు 25 ఉంటాయి. కంజిని, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాన్ని, ఎలా చదవాలన్నవి 6, వాక్యంలో ఖాళీకి తగిన మాట ఎంచుకోవలసినవి 7, గీత గీసిన మాటకు దగ్గరి అర్థమున్న మాట చెప్పవలసినవి 6, ఒక మాటను నాలుగు వాక్యాలలో వాడి అందులో ఏది సరైన ప్రయోగమో అడిగేవి 6. జాబితా చదివినవాడికి మొదటి రకం అందుతుంది, రెండోది సగం అందుతుంది. చివరి రెండూ కలిపి దాదాపు సగం ప్రశ్నలు. అక్కడ జాబితా చేయి వదిలేస్తుంది.

పైగా 'అధికారిక ఎన్‌1 పదాల జాబితా' అంటూ ఎవరైనా అమ్మితే నమ్మకండి, అలాంటిది లేదు. 1984లో మొదలైన ఈ పరీక్షకు 2009 వరకు నాలుగు స్థాయిలుండేవి. అప్పట్లో నిర్వాహకులు ప్రచురించిన ప్రమాణం ప్రకారం మొదటి స్థాయికి సుమారు 10,000 మాటలు, 2,000 కంజిలు అని లెక్క ఉండేది. 2010లో అయిదు స్థాయిలుగా మార్చినప్పటి నుంచి జాబితా ప్రచురించడం మానేశారు. ఇప్పుడు దొరికేవన్నీ పాత ప్రమాణం మీద, గత ప్రశ్నల జ్ఞాపకాల మీద ఎవరికివారు అల్లుకున్నవే. వాటితో పని లేదని అనను. ఏ మాట ముందు చదవాలో చెప్పే వరుసగా పనికొస్తాయి, అంతకు మించి కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మనం అబద్ధం ఆడతాం, నిజం చెబుతాం, ఒట్టు పెట్టుకుంటాం, పందెం కాస్తాం, ఈత కొడతాం, కేసు పెడతాం. అబద్ధాన్ని ఆడడమేమిటి, ఈతను కొట్టడమేమిటి అని ఏ తెలుగు పిల్లవాడూ అడగడు. మాటలు జంటగానే చెవిన పడ్డాయి కనుక జంటగానే నోట వస్తాయి. జపనీస్‌లోనూ అంతే. చర్య అనే అర్థమున్న 'తైసకు' అనే మాట 'కోజిరు' అనే క్రియతో కలుస్తుంది. సందేహమనే 'గిమొన్' 'ఇదకు'తో కలుస్తుంది, ఆ క్రియకు ఎద మీద పొదువుకోవడమని అసలు అర్థం. ప్రభావమనే 'ఏక్యో' 'ఒయొబొసు'తో కలుస్తుంది. మీ జాబితాలో ఇవి ఆరు విడి మాటలుగా ఆరు చోట్ల ఉంటాయి. నా నోటుబుక్కులో మూడు జంటలుగా మూడు గీతల మీద ఉంటాయి. పరీక్ష అడిగేది ఆ జంటనే.

ప్రయోగం ప్రశ్న ఎలా దెబ్బ తీస్తుందో ఒక ఉదాహరణతో చూడండి. 'జిన్సొకు' అనే మాటకు ఇంగ్లీషు జాబితాలలో వేగం అని అర్థమిస్తారు. అది చదివినవాడికి 'ఈ రైలు చాలా జిన్సొకు' అనే వాక్యం సరైనదిగానే కనబడుతుంది, గుర్తు పెట్టేస్తాడు. ఆ మాటకు తెలుగులో వేగం అని కాక 'సత్వరం' అని రాసుకుని ఉంటే ఆ తప్పు జరగదు. సత్వర చర్య అంటాం, సత్వర న్యాయం అంటాం, సత్వర రైలు అనం. జపనీస్‌లోనూ ఫిర్యాదు అందగానే అధికారులు స్పందించిన తీరు జిన్సొకు అవుతుంది గాని రైలు కాదు. అలాగే 'సుతరెరు' అనే క్రియను క్షీణించడమని చదువుకుంటే పువ్వు వాడిపోవడానికీ దాన్నే వాడేస్తాం. మరుగున పడడమని రాసుకుంటే ఆచారాలకు, పాత ఫ్యాషన్లకు చక్కగా సరిపోతుంది, పువ్వుకు సరిపోదు. 'కన్వ' అనే మాటకు మాత్రం ఒక్క తెలుగు మాట చాలదు. నిబంధనల విషయంలో సడలింపు, నొప్పి విషయంలో ఉపశమనం, ట్రాఫిక్ విషయంలో రద్దీ తగ్గడం. అలాంటప్పుడు మూడూ రాసుకోవాలి, మూడు జంటలతో సహా.

ఈ పాఠం నాకు పరీక్షలో కంటే ముందు ఉద్యోగంలో దక్కింది. సోమరితనాన్ని సూచించే ఒకే కంజికి 'నమకెరు' అని, 'ఒకొతరు' అని రెండు క్రియలున్నాయి. చివర రాసే హిరగన (ఉచ్చారణను తెలిపే జపనీస్ లిపి) అక్షరాన్ని బట్టి ఏది చదవాలో తెలుస్తుంది. ఒకసారి ఒక నక్షా సరిచూడడం మరిచిపోయి, జపాన్‌లోని పై అధికారికి క్షమాపణ లేఖ రాస్తూ, సరిచూసే పనిని 'నమకెత' అని రాశాను. నా ఉద్దేశం ఉపేక్షించానని. ఆయనకు అందినది బద్ధకించి పడుకున్నానని. మర్యాదస్తుడు కనుక జవాబులో నా వాక్యాన్నే 'ఒకొతత్త' అని మార్చి తిరిగి రాసి ఊరుకున్నాడు. జాగ్రత్త, శ్రద్ధ, బాధ్యత, పరిశీలన వంటి మాటలతో ఒకొతరు కలుస్తుంది. బడి ఎగ్గొట్టడం, ఒళ్లు వంచకపోవడం వంటి చోట్ల నమకెరు వస్తుంది. అప్పటి నుంచి క్రియను ఒంటరిగా రాసుకోవడం మానేశాను.

మూడో రకం ప్రశ్న, అంటే దగ్గరి అర్థం చెప్పవలసినది, తెలుగువాళ్లకు వరం లాంటిది. మనలో చాలామంది దాన్ని వాడుకోవడం లేదంతే. చిన్నప్పుడు వ్యాకరణంలో తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అని చదువుకున్నాం కదా. జపనీస్ పదజాలమూ అలాగే పొరలు పొరలుగా ఉంటుంది. సొంత మాటలు 'వగొ', చైనా నుంచి వచ్చినవీ, ఆ పద్ధతిలో జపాన్‌లోనే తయారుచేసుకున్నవీ 'కంగొ', ఇంగ్లీషు మొదలైన భాషల నుంచి వచ్చినవి 'గైరైగొ'. మనం ఇంట్లో వంట మొదలుపెడతాం, మంత్రిగారు వంతెన ప్రారంభిస్తారు, బండి స్టార్ట్ చేస్తాం. వాళ్లకు అవే మూడు పొరల్లో 'హజిమెరు', 'కైషి సురు', 'సుతాతొ సురు' ఉన్నాయి. మనకు సంస్కృతం ఎలాగో వాళ్లకు కంగొ అలాగ. శాసనాలకు, సంపాదకీయాలకు, ప్రకటనలకు అదే పెద్దపీట.

ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఈ పొరలను దాటించే ప్రశ్నలు ఎక్కువగా వేస్తారు. వాక్యంలో 'తెగకరి' అనే సొంత మాట ఉంటుంది, జవాబులో 'హింతొ' అనే ఇంగ్లీషు మాట ఉంటుంది. మనకు జాడ, ఆధారం, క్లూ ఉన్నట్టే. 'అరికితరి' అని వాక్యంలో ఉంటే 'హేబొన్' జవాబవుతుంది, రెండూ సాదాసీదా, మామూలు అన్న అర్థాలే. 'షిబుషిబు' అని ఉంటే 'ఇయయియ' జవాబు, రెండూ ఇష్టం లేకుండా, గొణుక్కుంటూ చేయడం. కాబట్టి నోటుబుక్కులో నిలువుగా మూడు గడులు గీసి, ఒక భావానికి మూడు పొరల మాటలూ ఎదురెదురుగా రాయండి. ఒక గడి ఖాళీగా మిగిలితే మిగలనివ్వండి, ఎప్పుడో చదువుతుండగా ఆ మాట తనంతట తనే తగులుతుంది. కంగొ ఎంత పెరిగితే వాక్యం అంత గంభీరమవుతుందన్న సంగతి మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంగ్లీషు ద్వారా చదివేవారు ఈ తేడాను బట్టీ పట్టవలసి వస్తుంది.

అమరావతి, నాగార్జునకొండలకు దగ్గరలో పుట్టిన మనవాళ్లు ముచ్చటపడే సంగతి ఇంకొకటి ఉంది. ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్ బౌద్ధులు ర్యూజు అంటారు, ఎనిమిది శాఖలకూ మూలపురుషుడని గౌరవిస్తారు. బౌద్ధంతో పాటు చైనా మీదుగా సంస్కృత పదాలు కొన్ని జపనీస్‌లోకి వెళ్లాయి. 'సెత్సున' మన క్షణమే. 'నరకు' మన నరకమే. ఎన్‌1 చదివేవారిని బాధపెట్టే 'ఒక్కూ' అనే మాటలోని రెండో కంజి మన కల్పాన్ని సూచిస్తుంది. ఒక పని చేయాలంటే కోట్ల కల్పాలు పట్టేట్టు అనిపించి ఒళ్లు బరువెక్కడం దాని భావం. ఇలాంటివి పట్టుమని పది ఉంటాయేమో, వీటితో మార్కులు పెరగవు. కాని ఒక్కూ నాకు మళ్లీ మరుపు రాలేదు.

తెలుగు అర్థం రాసుకోమనడానికి ఇంకో కారణం, మనుషుల మధ్య మెలకువలను చెప్పే మాటలు. 'ఎన్‌ర్యొ' అనే తేలిక మాటనే తీసుకోండి. ఇంగ్లీషు నిఘంటువులు దానికి నాలుగైదు అర్థాలు ఇచ్చి కూడా తేల్చవు. మనకు మొహమాటం అనే ఒక్క మాట చాలు. ఎన్‌1 స్థాయిలో వచ్చే 'కిగనె' దాని దాయాది, ఎదుటివాళ్లకు ఇబ్బందేమోనని లోలోపల వెనకాడే మొహమాటం. 'ఉత్తోషీ' అనేది ముసురు పట్టిన రోజుకూ వాడతారు, కళ్ల మీద పడి విసిగించే జుట్టుకూ వాడతారు. 'మొతరసు' తెచ్చిపెట్టడం, మంచికీ చెడుకీ. ఈ నాలుగు మాటలకూ నా దగ్గర ఇంగ్లీషు అర్థాలు రాసి లేవు.

ధ్వన్యనుకరణ మాటల దగ్గర మనకు ఇంకా ఎక్కువ చనువుంది. తళతళ, గలగల, దడదడ, చకచక అనకుండా మనకు పూట గడవదు. జపనీస్‌వాళ్లకూ గడవదు. మిలమిలకు 'కిరకిర', గుండె దడదడకు 'దొకిదొకి', విదేశీ భాషను గడగడా మాట్లాడడానికి 'పెరపెర'. మన గుంటూరు మిరప తగిలిన నాలుకకు 'హిరిహిరి'. ఎన్‌1కు వచ్చేసరికి ఇవి చప్పుళ్లను దాటి మనసు తీరులోకి వెళతాయి. చిన్న విషయాన్నే తలచుకుని కుమిలిపోవడం 'కుయొకుయొ', తేల్చకుండా తాత్సారం చేయడం 'గుజుగుజు', జీడిపాకంలా సాగిపోవడం 'జురుజురు', ఎవరి కంటా పడకుండా నిలకడగా శ్రమించడం 'కొత్సుకొత్సు'. వ్యాకరణం కూడా కలిసివస్తుంది. 'దబ్బుమని' అన్నప్పుడు మనం 'అని'ని ఎలా తగిలిస్తామో, వాళ్లు 'దొసున్' పక్కన 'తొ'ను అలాగే తగిలిస్తారు, ఆ 'తొ' మాటలను ఉటంకించే 'అని'యే. అయితే ఒక హెచ్చరిక. శబ్దం పోలిందని అర్థం పోల్చకండి. జపనీస్ కిరకిరలో మన ఇసుక కిరకిర ఏమీ లేదు.

సమాస క్రియల గురించి కొంత ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఖాళీలు పూరించే ప్రశ్నలలో ఇవి తరచూ వస్తాయి, జాబితాలలో ఇవి అన్నింటికంటే అన్యాయంగా చదివించబడతాయి. తిని చూడు అనడానికి వాళ్లు 'తబెతె మిరు' అంటారు. తినడం, చూడడం, అదే వరుస, అదే భావం. ఈ పోలిక ఎన్‌4 దగ్గరే అందరూ గమనిస్తారు గాని అక్కడితో వదిలేస్తారు. 'కొము' అనే తోక క్రియను చూడండి. దానికి లోపలికి పోవడమని అసలు అర్థం. 'హనషికొము' అంటే మాటల్లో పడిపోవడం, 'కంగఎకొము' అంటే ఆలోచనలో మునిగిపోవడం, 'దమరికొము' అంటే ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోవడం. 'ఒమొయికొము'కు తెలుగులో ఎంతో చక్కని మాట ఉంది: అనుకుని కూర్చోవడం. 'వాడు తనకే ఉద్యోగం వస్తుందని అనుకుని కూర్చున్నాడు' అన్నప్పుడు ఆ కూర్చోవడంలో ఎంత మొండి నమ్మకముందో, ఆ కొములో అంత ఉంది. 'కిరు' తోక వస్తే చివరంటా అయిపోగొట్టడం: 'త్సుకైకిరు' అంటే ఊడ్చిపెట్టినట్టు వాడేయడం. 'నుకు' వస్తే అడ్డంకులు దాటుకుని కడదాకా చేయడం. తోకలు పదో పన్నెండో ఉంటాయి. తోక వారీగా ఒక్కో పుట కేటాయించి, చదువులో ఎదురైన ప్రతి సమాసాన్నీ ఆ పుటలో చేర్చండి. అక్షరక్రమంలో చదివితే మాత్రం రోజుకో తోక కలగాపులగమవుతుంది.

కంజి ఉచ్చారణ ప్రశ్నల దగ్గర మన లిపిని వాడుకోండి. ఆ ఆరు ప్రశ్నల్లో తప్పుడు జవాబులు చాలాసార్లు హ్రస్వదీర్ఘాల తేడాలు, ద్విత్వాల తేడాలు, పరుష సరళాల తేడాలే. 'షుచో' అంటే వాదన వినిపించడం, 'షుచ్చో' అంటే ఆఫీసు పని మీద ఊరెళ్లడం. రోమన్ అక్షరాల్లో హడావిడిగా రాసుకుంటే రెండూ ఒకటే అయిపోతాయి. కొత్తలో నేను ఫోనులో 'రేపు షుచో చేస్తాను' అని చెప్పి, రేపు ఏ విషయంపై వాదిస్తారని అవతలివాళ్లు అడిగే స్థితి తెచ్చుకున్నాను. తెలుగులో ఒ, ఓ వేరు, చ, చ్చ వేరు. ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకుంటే ఈ తప్పు జరగదు. 'త్సు' పలకడానికి మన చుట్టలోని, చుక్కలోని దంత్య చకారమే ఆధారం. కృష్ణా గుంటూరు పల్లెల్లో అది ఇంకా చెడలేదు. ఇంత చెప్పినా, చివరికి కంజిని చూసే చదవగలగాలి గనుక, ఏప్రిల్ తర్వాత తెలుగు లిపి సాయం మానేయండి.

ఒకే కంజికి రెండు మూడు చైనీస్ ఉచ్చారణలెందుకని చాలామంది విసుక్కుంటారు. అవి వేర్వేరు కాలాల్లో, చైనాలోని వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చినవి. నడక, చేష్ట అనే అర్థమున్న కంజి ఉత్సవమనే 'గ్యోజి'లో గ్యో అవుతుంది, చర్య అనే 'కోదో'లో కో అవుతుంది, తీర్థయాత్ర అనే 'అంగ్య'లో అన్ అవుతుంది. మనకు ముఖమూ మొగమూ, ఆకాశమూ ఆకసమూ పక్కపక్కన బతకడం లేదా? సూత్రం వెతక్కండి, మాటతో పాటే ఉచ్చారణ నేర్చుకోండి. నిత్యవ్యవహారానికని జపాన్ ప్రభుత్వం నిర్ణయించిన 2,136 జోయో కంజిలనూ విడివిడిగా వాటి ఉచ్చారణలన్నిటితో బట్టీ పట్టే పని ఎన్‌1కు అనవసరమని నా నిశ్చితాభిప్రాయం.

ఇంగ్లీషు నుంచి వెళ్లిన మాటలకు రెండు ఆదివారాలు చాలు, కాని మోసపోకండి. 'కురేము' అంటే ఫిర్యాదు, 'కన్నింగు' అంటే పరీక్షలో కాపీ కొట్టడం, 'కొన్‌సెంతొ' అంటే గోడకుండే ప్లగ్గు సాకెట్టు. నాలుగు కంజిల సామెతలు, లోకోక్తులు సరదాకు చదువుకోండి. పరీక్ష కోసం వాటి మీద నెలలు ఖర్చుపెట్టిన మిత్రులను చూశాను, పాపం అనిపించింది.

ఇక పద్ధతి. మీరు వాడుతున్న, కార్డులతో మాటలు గుర్తుపెట్టించే అంకి యాప్‌ను మానేయమని నేను అనను. 2006లో వచ్చిన ఆ యాప్ పేరే జపనీస్ మాట, కంఠస్థం చేయడమని అర్థం. మరిచిపోబోయే ముందు మళ్లీ చూపించే ఆ ఏర్పాటు మంచిదే, దోషం కార్డులోనే ఉంది. కార్డు ముందు వైపు ఒంటరి మాట, వెనుక ఇంగ్లీషు అర్థం ఉంటే మీకు బొమ్మను గుర్తుపట్టే అలవాటు వస్తుంది గాని మాట రాదు. ముందు వైపు మీరు నిజంగా చదివిన జపనీస్ వాక్యం, అందులో ఆ మాట స్థానంలో ఖాళీ ఉంచండి. వెనుక వైపు ఆ మాట, దాని జంట, ఒక తెలుగు పలుకుబడి ఉంచండి. ఒక కార్డు తయారు చేయడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. రోజుకు 60 పెట్టుకోలేరు, పెట్టుకోకూడదు కూడా.

ఫిబ్రవరి మొదటి నుంచి జూలై మొదటి ఆదివారం దాకా దాదాపు 22 వారాలు. చివరి మూడు వారాలు కొత్త మాటలు ముట్టకండి. మిగిలిన 19 వారాలలో వారానికి ఆరు రోజులు, రోజుకు 12 మాటలంటే 1,368 అవుతాయి. మీ 3,000లో సగం మీకు ఇప్పటికే వచ్చి ఉంటాయి గనుక ఇది తక్కువ కాదు. మే నెలలో మన ఎండల సంగతి తెలిసిందే. మధ్యాహ్నం ఏసీ గదిలో చదువుతానని పెట్టుకున్న పట్టికలు కరెంటు పోగానే కూలిపోతాయి. తెల్లవారుజామున అయిదింటికి కొత్త మాటలు, రాత్రి పడుకునే ముందు పాత కార్డులు, అంతే చాలు.

వాక్యాలు ఎక్కడి నుంచి తేవాలంటే, రోజుకు ఒక జపనీస్ పత్రికా సంపాదకీయం చాలు. సులువు చేసి రాసిన వార్తలు మీ స్థాయికి ఇక పనికిరావు. ఆరంభంలో ఒక్కో సంపాదకీయానికి గంట పడుతుంది, నెల తర్వాత పాతిక నిమిషాలకు దిగుతుంది. ఒక మాట ఏ మాటతో కలుస్తుందో అనుమానం వస్తే జపాన్ జాతీయ భాషా పరిశోధన సంస్థవారి సమకాలీన లిఖిత భాషా భాండాగారంలో వెతకండి. దాదాపు పది కోట్ల మాటల సేకరణ అది, నిఘంటువు చెప్పని సంగతులు అక్కడ తేలుతాయి. పాత సాహిత్యం మీద ప్రేమ ఉంటే పరీక్ష అయ్యాక చదవండి. వందేళ్ల నాటి నవలల మాటలు ఎన్‌1 ఖాళీల్లో పడవు. నిఘంటువు కూడా మార్చండి. మార్చి నుంచి జపనీస్ మాటకు జపనీస్‌లోనే అర్థం చెప్పేదాన్ని వాడి, చదివిన అర్థాన్ని తెలుగులో ఒక్క ముక్కలో మీరే రాసుకోండి. ఆ ఒక్క ముక్క కోసం తడుముకునే అరనిమిషంలోనే మాట మనసులో దిగుతుంది.

పరీక్ష రోజు గురించి రెండు మాటలు. పదజాలం, వ్యాకరణం, పఠనం అన్నిటికీ కలిపి 110 నిమిషాలు. పదజాలానికి పన్నెండు నిమిషాలకు మించి ఇవ్వకండి. ఆలోచిస్తే వచ్చేవి కావవి, వస్తే వెంటనే వస్తాయి, మిగిలిన సమయం పఠనానికి చెందుతుంది. తప్పుకు మార్కులు తీసేయరు గనుక ఏ గడినీ ఖాళీగా వదలకండి. చెన్నైలో రాసేట్టయితే శనివారం ఉదయం పినాకిని రైలులో బయలుదేరి మధ్యాహ్నానికి చేరి, రాత్రి నిద్రపోయి వెళ్లండి. రాత్రి రైలులో కునికి, పొద్దున్నే స్టేషనులో ముఖం కడుక్కుని వెళ్లి రాసిన నా మొదటి ప్రయత్నంలో చివరి రెండు పఠన పాఠాలు చదవనేలేదు.

ఎన్‌2తోనే ఉద్యోగం చూసుకుంటే సరిపోదా అని కూడా చివర అడిగారు. శ్రీసిటీ వంటి చోట్ల జపాన్ కంపెనీలలో పనికి చాలాచోట్ల సరిపోతుంది, చక్కగా మాట్లాడగలిగితే. జపాన్ వెళ్లి స్థిరపడే ఆలోచన ఉంటే లెక్క వేరు. అక్కడి ఉన్నత నిపుణుల వీసాకు వేసే పాయింట్లలో ఎన్‌1కు 15, ఎన్‌2కు 10 ఇస్తారు. ఆ అయిదు పాయింట్లు మీకు అవసరమో కాదో మీ వయసు, జీతం, చదువు లెక్కలో వేసుకుని చూడండి. అవసరమైతే జూలైకి దరఖాస్తు చేయండి. మార్చి నెలాఖరున నిర్వాహకులు తమ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టిన అధికారిక మాదిరి ప్రశ్నలలో పదజాలం భాగం ఒక్కటే, పన్నెండు నిమిషాలు గడియారం పెట్టుకుని రాయండి. మొత్తం ఎన్ని వచ్చాయన్నది నాకు చెప్పకపోయినా ఫరవాలేదు, ప్రయోగం ప్రశ్నలు ఆరింటిలో ఎన్ని వచ్చాయో, తప్పినవాటిలో మీరు ఏ వాక్యాన్ని ఎంచుకున్నారో చెప్పండి. ఆ తప్పులు చూశాక ఏప్రిల్, మే నెలల్లో ఏం చేయాలో నిర్దిష్టంగా రాస్తాను.